నాలుగొందల పదిహేడుపై పరిశోధన

పాట వినే పని లేకుండానే దాని అర్థం తెలుసుకోగలగడం ఈ కాలం మనకిచ్చిన గొప్ప వరం. పూర్వం ఎంత అవస్థ! పాట వచ్చేదాకా ఆగాలి. వచ్చాక వినాలి. విన్నాక కాసేపు నోరు మూసుకుని కూర్చోవాలి. ఇన్ని పనులు ఒక్క మనిషి వల్ల అవుతాయా?

ఈ అవస్థ నుంచి జనాన్ని బయటపడేసిన మహానుభావుల్లో ఇల్లందు సంపత్ ఒకడు. వయసు ముప్పై ఒకటి. బొగ్గు గనుల స్టోర్సులో క్లర్కు. తండ్రి మొండయ్య బొగ్గు బావిలో పైకప్పు కూలి చనిపోయినప్పుడు అతనికి ఏడేళ్లు. పెద్దయ్యాక ఆ తండ్రి పేరు మీదే డిపెండెంటు ఉద్యోగం వచ్చింది. తల్లి సారక్కతో కలిసి క్వార్టర్‌లో ఉంటాడు. ఇవన్నీ చిన్న సంగతులు. అసలు సంగతేమిటంటే, అతను ‘ఓపెన్‌కాస్ట్ సైన్యం’ అనే వాట్సాప్ గ్రూపుకి అడ్మిన్.

ఓపెన్‌కాస్ట్ అంటే ఈ బొగ్గు ప్రాంతపు రాక్ బ్యాండ్. నలుగురు మనుషులు. పాటలు రాసి పాడేది అరుణశ్రీ. రెండేళ్లుగా వాళ్ల నుంచి కొత్త పాట రాలేదు. ఈ రెండేళ్లలో సైన్యం ఏడొందల మందికి పెరిగింది. పాటలు వస్తూ ఉంటే ఇంతమంది చేరేవాళ్లా? చెప్పండి!

ఒక మధ్యాహ్నం టీజర్ వచ్చింది. పదకొండు సెకన్లు. నల్లటి తెర మీద వయసు మళ్లిన ఒక ఆడగొంతు, ఒకే ఒక్క చరణం:

‘నాలుగొందల పదిహేడో దీపం దిగిపాయె, దిగిన దీపం మల్ల ఎక్కకపాయె.’

తర్వాత ఒక్క డప్పు దెబ్బ. ‘త్వరలో’ అని అక్షరాలు. అంతే.

ఆ పూట స్టోర్సులో ఏ ఫైలూ కదల్లేదు. సంపత్ ఆ పదకొండు సెకన్లను ముందుకీ వెనక్కీ, నిదానంగానూ వేగంగానూ నూట నలభై సార్లు నడిపించాడు. సైన్యంలో టేకులపల్లి వీరన్న అందరికంటే ముందు తేల్చేశాడు: నాలుగో నెల, పదిహేడో తారీఖు, పాట విడుదల. ఏప్రిల్ పదిహేడున సైన్యం ఇల్లందు బస్టాండులో కేక్ కోసింది. పాట రాలేదు. వీరన్న ఏమాత్రం తొణకలేదు. ఏ సంవత్సరమో తాను చెప్పలేదు కదా అన్నాడు.

చర్ల అవతలి అడవి ఊళ్లో ఉండే చందర్‌ది ఇంకా గట్టి పట్టుదల. వాళ్ల ఊళ్లో సిగ్నల్ ఉండదు. తన థియరీ పోస్ట్ చేయడానికి అతను బైకు మీద పద్దెనిమిది కిలోమీటర్లు చర్లకు వచ్చేవాడు. దిగిపోయిన దీపం అంటే డ్రమ్మర్ బ్యాండు వదిలి వెళ్లిపోతున్నాడని అతని సిద్ధాంతం. దారిలో రెండుసార్లు గుంతలో పడ్డాడు. ఆ గుంతల మీద మాత్రం ఎవరికీ ఏ థియరీ లేదు.

ఇక సంపత్ సంగతి. నాలుగు, ఒకటి, ఏడు కలిపితే పన్నెండు కాబట్టి ఆల్బమ్‌లో పన్నెండు పాటలని మొదట చెప్పాడు. తర్వాత గొంతు మీద పడ్డాడు. నలభై నిమిషాల వీడియో చేసి, అది మనిషి గొంతు కాదని, కంప్యూటర్ పుట్టించిందని రుజువు చేశాడు. ఇంత దుఃఖం మామూలు మనిషి గొంతులో పట్టదట. సైన్యం చప్పట్లు కొట్టింది. కొందరు కన్నీళ్లు పెట్టుకున్నారు, వీడియో చూసి.

ఆ వీడియో గోడ అవతల సారక్కకూ వినిపించింది. మర్నాడు కొడుక్కి అన్నం వడ్డిస్తూ ఆమె మెల్లగా అంది.

“ఆ గొంతు నాదే బిడ్డా. అరుణశ్రీ వచ్చి పాడిచ్చుకపోయింది.”

సంపత్ ఒక చెవిలోంచి ఇయర్‌బడ్ తీశాడు. రెండోది తీయలేదు. నవ్వాడు. పెద్దవాళ్లకు ఏ పాత పాట విన్నా తమదే అనిపించడం సహజమని, దాన్ని భ్రాంతి అంటారని పావుగంట ఓపిగ్గా చెప్పాడు. చదువుకోని తల్లితో ఇంత సహనంగా మాట్లాడే కొడుకులు ఈ రోజుల్లో ఎంతమంది ఉన్నారు? సారక్క ఇంకో గరిటె పప్పు వేసింది.

చివరికి ఒక ఆదివారం పొద్దున పదకొండింటికి పాట వచ్చింది. సంపత్ ముందుగదిలో ఫోన్‌ను స్టాండుకి తగిలించి, తన ముఖం వీడియోలో పడేట్టు సర్దుకున్నాడు. వింటున్నప్పుడు తన ముఖం ఎలా మారుతుందో లోకం చూడాలి కదా! సారక్క గడప దగ్గర గోంగూర ఒలుస్తోంది.

పాట కింద పేర్లు పడ్డాయి. గానం, సారక్క, ఇల్లందు. ఆ కింద, ల్యాంపు నంబరు 417 మొండయ్య జ్ఞాపకానికి.

సంపత్ వీడియో ఆపేశాడు. పాట సాగుతూనే ఉంది. అందులో ఒక ఆడమనిషి షిఫ్టు దిగే వేళకు బావి దగ్గరికి పోతుంది. బావిలోకి దిగే ఒక్కొక్కరికీ ఒక నంబరు దీపం ఇచ్చే ల్యాంపు రూము కిటికీలోంచి చూస్తుంది. అందరి దీపాలూ వచ్చి కొక్కేలకు వేలాడుతున్నాయి. ఒక్క కొక్కెం ఖాళీగా ఉంది. ‘అన్నా, ఏది నా దీపం’ అని అడుగుతుంది. ల్యాంపు రూములో మనిషి ముఖం తిప్పుకుంటాడు.

ఈ సంగతి సంపత్‌కు తెలియదు. ఇరవై నాలుగేళ్లలో తల్లి చాలాసార్లు చెప్పబోయింది. అతనికి ఎప్పుడూ ఏదో ఒక పని ఉండేది. అతను కుర్చీ అంచున కూర్చున్నాడు. నాలుగు నిమిషాలూ కదలకుండా విన్నాడు. అతని జీవితంలో ఒక పాటను పూర్తిగా వినడం అదే మొదటిసారి కావచ్చు.

చివరి చరణంలో సారక్క గొంతు పైకి లేచింది. సరిగ్గా అక్కడే, తలుపు వెనక నుంచి వచ్చినట్టు ఒక మగగొంతు విసుగ్గా వినిపించింది. “అమ్మా, జర ఆ పాట ఆపు. ఈడ రికార్డింగ్ అయితుంది.” పాడుతున్న గొంతు మధ్యలో ఆగిపోయింది. పాట అక్కడితో ముగిసింది.

సంపత్ తల్లి వైపు తిరిగి, ఇది ఎప్పుడు జరిగిందని అడిగాడు.

“నువ్వు లోపట తలుపేసుకున్న నాడు,” అంది సారక్క. “వాళ్లు నలుగురు గీ గదిల్నే కూసున్నరు. నిన్ను పిలుస్తనంటె, పనిల ఉన్నడు తియ్యని నేనే అన్న.”

ఆ రోజు అతను చేసిన వీడియో పేరు ‘ఓపెన్‌కాస్ట్ ఎక్కడ మాయమైంది?’ తొమ్మిది వేల మంది చూశారు.

ఈలోపు ఫోన్ మోగడం మొదలైంది. ఖాళీ కొక్కెం గురించి ఒక్కరూ అడగలేదు. గానం చేసిన సారక్క ఎవరని కూడా అడగలేదు. ఇల్లందులో సారక్కలకేం తక్కువ, ఎవరి తల్లి పేరు ఎవరికి తెలుసు? అందరిదీ ఒకటే ప్రశ్న. చివర్లో ఆ మగగొంతు ఎవరిది? బావిలో పెద్దసారుదని వీరన్న. చావుదని చందర్, చర్ల నుంచి. అడ్మిన్ అన్న ఏమంటాడోనని మిగతా సైన్యమంతా ఎదురుచూస్తోంది.

సంపత్ ఫోన్ అందుకున్నాడు. ‘ఆ గొంతు నాది’ అని టైప్ చేశాడు. ఆ మూడు మాటల వైపు చాలాసేపు చూశాడు. ఒక్కో అక్షరం చెరిపేశాడు. ఆ తర్వాత వేళ్లు వాటంతట అవే నడిచాయి. ఆ గొంతు ఒక మనిషిది కాదని, శ్రమజీవుల పాటను వినలేని మొత్తం సమాజానిదని, దాన్ని ఒక అజ్ఞాత నటుడితో బ్యాండు అద్భుతంగా పలికించిందని రాశాడు. రెండు నిమిషాల్లో మూడొందల ఎర్ర గుండెలు వచ్చి పడ్డాయి.

ఏం రాసినవని తల్లి అడిగింది. దాచలేక చదివి వినిపించాడు. సారక్క చేతిలో కాడ పక్కన పెట్టి, చివరిదాకా శ్రద్ధగా విన్నది.

“బాగ రాసినవ్,” అంది. “గని, ఆ పిల్లగాడు చెడ్డోడు కాదని గూడ ఓ మాట రాయి. పాపం, ఏం పనిల ఉండెనో.”

సంపత్ ఆ మాట రాయలేదు. థియరీలో అది ఎక్కడా ఇమడలేదు.