ఐదు పలకల చరిత్ర

పదింటికల్లా మహిళా మండలి గదికి చేరి, ఆఫీసరమ్మకు ఐదేళ్ల చరిత్ర చదివి వినిపించి, మధ్యాహ్నానికి ఇంటికొచ్చి వంట చేసుకోవాలని రామతులసమ్మ ఆ పొద్దున అనుకుంది. అనుకోవడం వరకూ బాగానే ఉంది.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన ఏడే మార్కాపురంలో మండలీ వచ్చింది. ఇప్పుడు ఆ గదిలో ఎరువుల బస్తాలు వేసుకుంటామని పంచాయతీ వారు పట్టుబట్టారు. ఆడవాళ్లు ఇన్నేళ్లూ ఏదో ఒక పని చేశారని కర్నూలు నుంచి వచ్చే ఆఫీసరమ్మకు నమ్మకం కుదిరితే గది నిలుస్తుంది. లేకపోతే బస్తాలకే. కార్యదర్శి కాబట్టి చరిత్ర రాసే భారం రామతులసమ్మ మీద పడింది. ఆమె చదివింది ఐదో తరగతి. భయపడటంలో మాత్రం పై చదువులున్నాయి.

కాగితం మీద రాద్దామంటే, మండలి మొదటి పుస్తకాన్ని చెదలు తిన్నాయి, రెండోదాన్ని ఎలుకలు కొట్టాయి. సిరా వానకు కారిపోతుంది. దీపం ఒరిగితే కాగితం కాలిపోతుంది. పలకకు ఈ బాధలేవీ లేవు, అది రాయి. పైగా పలకలు చేసే ఊరు, ఎక్కడ చూసినా పలకలే. ఏడాదికొకటి చొప్పున ఐదు పలకల మీద, నడుం పట్టేసేదాకా వంగి చరిత్ర రాసింది.

"బలపంతో రాసింది చెరిగిపోదామ్మా?" అంది పదిహేనేళ్ల కూతురు కన్యక.

"నోరు మూసుకో. పొద్దున్నే చెరగడం మాటెందుకు? పగిలితే ఏంది గతి, అది చెప్పు!"

పగులుతాయన్న భయంతోనే పలకకూ పలకకూ మధ్య పాత చీర ముక్కలు కుక్కి మూట కట్టింది.

"చుట్టూ చెక్క చట్రం ఉంది కదమ్మా. ఒకదానికొకటి తగలవు."

"రాళ్ల దారి. జట్కా ఎగిరిందంటే చట్రమేం ఆపుతాది?"

జట్కా ఎగిరింది. ఎగిరినప్పుడల్లా రామతులసమ్మ మూటను ఇంకా గట్టిగా అదిమి పట్టుకుంది.

గదికి చేరి మూట విప్పేసరికి మొదటి మూడేళ్లూ లేవు. పిల్లలకు పాలపొడి కలిపిన ఏడూ, అటకెక్కి దాక్కున్నవాళ్లను దించి టీకాలు వేయించిన ఏడూ, కుట్టు నేర్పించిన ఏడూ చీర ముక్కలకు బూడిదలా అంటుకుని ఉన్నాయి.

"నేను చెప్పలా?" అంది కన్యక.

"నువ్వు చెప్పినావు కాబట్టే అయింది!"

మిగిలిన రెండేళ్లనైనా కాపాడాలి. ఐదో పలకను గొర్రెలు కాసుకునే శ్రీశైలమ్మ చేతికిచ్చి, "అక్కా, కింద పడేసేవు! గుండెకు హత్తుకొని పట్టుకో" అని ఒట్టు వేయించుకుంది. శ్రీశైలమ్మ మాట మీద నిలబడే మనిషి. చంటిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకుంది. కాసేపటికి పలక తీసి చూస్తే నల్లగా ఉంది. ఆ ఏడు రాతంతా ఆమె రవికె మీద తిరగబడి ఉంది.

"తులసమ్మా, ఇదేందమ్మా నాకంటింది?"

"కదలొద్దు! అట్లే నిలబడు, ఎక్కించుకుంటాను!"

బలపం వెతికేలోపు చెమటకు అదీ కరిగింది.

ఇక నాలుగో పలక ఒక్కటే దిక్కు. అది కలరా వచ్చిన ఏడు. ఉన్నదాన్నైనా తడబడకుండా చదవాలని రామతులసమ్మ ఒక్కో పేరు మీదా వేలు పెట్టి ఒకసారి పైకి చదివి చూసుకుంది. సభ్యురాలు దానమ్మ గబుక్కున లేచింది.

"రోగులకు గంజి కాచింది నేనైతే, ముందు అలివేలమ్మ పేరెందుకుంది?"

"పొయ్యి ఎవరిది? కట్టెలు ఎవరివి?" అంది ఆఫీసరమ్మ కోసం గ్లాసులు కడుగుతున్న అలివేలమ్మ.

దానమ్మ అరచేత్తో ఆ పేరు తుడిచేసింది. అలివేలమ్మ తడిచేత్తో దానమ్మ పేరు తుడిచేసింది. నీళ్లు మోసినవాళ్లూ, ఉప్పు తెచ్చినవాళ్లూ పలక లాక్కున్నారు. గోల సద్దుమణిగేసరికి, కలరా ఏడు ఆ ఊళ్లో ఎవరూ గంజి కాయలేదు.

బయట జీపు ఆగింది.

"అయిపోయింది. గది పోయింది, బస్తాలొచ్చినాయి!" అని రామతులసమ్మ నెత్తి పట్టుకుంది. "తలా ఒక పలక తీసుకోండే! ఏది గుర్తుంటే అది రాయండి!"

వాళ్లలో రాయడం వచ్చినవాళ్లు లేరన్న సంగతి ఆ తొందరలో ఆమెకు తోచలేదు.

ఆఫీసరమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. ఎదురుగా ఐదుగురు ఆడవాళ్లు ఒళ్లో పలకలు పెట్టుకుని, బలపాలు బిగించి పట్టుకుని, ఒళ్లంతా చెమటలతో కూర్చున్నారు.

"పెద్దవాళ్లకు బడి పెట్టారా! ఎక్కడికి వెళ్లినా బళ్లు కాగితాల్లోనే కనిపిస్తున్నాయమ్మా. పలకలు పట్టిన ఆడవాళ్లను ఇవాళే చూస్తున్నాను."

"అది కాదమ్మా, మా చరిత్ర..." అని రామతులసమ్మ నిజం చెప్పబోయింది. శ్రీశైలమ్మ ఆమె కాలు తొక్కింది.

"చరిత్రలు ఊరూరా వింటూనే ఉన్నాను, వద్దండీ. ఈ గది బడికే ఉంటుందని నేను రాసి పంపిస్తాను. రోజూ సాయంత్రం రెండు గంటలు మాత్రం తప్పకుండా నడపాలి. పంతులమ్మ మీరేగా?"

రామతులసమ్మ తల ఊపిందో, వణికిందో తెలియలేదు. జీపు వెళ్లిపోయింది.

"రోజూనా? నా గొర్రెల్ని ఎవరు తోలుకొస్తారు?" అంది శ్రీశైలమ్మ.

"కాలు తొక్కినావు కదక్కా, ఇంక నువ్వే ముందు వరసలో కూర్చో!"

నెల తిరక్కముందే గది మండలిదేనని మంజూరు కాగితం వచ్చింది. చెదలు పడతాయన్న భయంతో రామతులసమ్మ దాన్ని ఆ రోజే పలక మీదికి ఎక్కించుకుంది.