మాస్టారి పొగమంచు

ఆదివారం చర్చి నుంచి రాగానే నోర్మా కాఫీ కప్పులు పక్కకు జరిపి వంటింటి బల్లమీద మ్యాపు పరిచింది. అది ఎగిరిపోకుండా ఒక మూల ఉప్పుడబ్బా, ఒక మూల జున్నుముక్క పెట్టింది.

"ముందు ఉర్బీనో. అక్కణ్ణించి గుబ్బియో, తర్వాత స్పెల్లో. మధ్యలో ఏ చిన్న ఊరు నచ్చితే ఆ ఊళ్లో దిగిపోదాం. మే నెలలో బయల్దేరితే ఎండలు కూడా ఇంకా ముదరవు," అంది.

ఆమె భర్త గ్వల్తియేరో రొట్టెముక్కను పాలకాఫీలో ముంచుతూ, "రైల్లో పోదాం," అన్నాడు.

"గుబ్బియోకి రైలెక్కడుంది?"

"బస్సుంటుందిగా."

"నువ్వు బస్సెక్కుతావా? ఇంకొకడు నడిపే బండిలో కూర్చుంటే నీకు కడుపులో తిప్పుతుందంటావే!"

"మన కారు ముసలిదైపోయింది, నోర్మా."

"మొన్న పండక్కి కొత్త టైర్లు వేయించావు."

"దారంతా పొగమంచు..."

"మే నెల్లోనా?"

గ్వల్తియేరో కాఫీలోంచి రొట్టెముక్క తీయబోయాడు. అది అప్పటికే కరిగిపోయింది. నోర్మా ఆయన్ని ఒక నిమిషం తేరిపార చూసి, మ్యాపు మడిచి లోపలికి తీసుకుపోయింది. జున్ను కూడా తీసుకుపోయింది.

గ్వల్తియేరో ఫెరారా పట్టణంలో ముప్పై ఏళ్లు డ్రైవింగ్ స్కూలు నడిపినవాడు. ఊళ్లో సగంమందికి స్టీరింగు పట్టుకోవడం నేర్పింది ఆయనే కాబట్టి అందరూ ఆయన్ని మాస్టారనే పిలుస్తారు. పెళ్లయినప్పటినుంచీ నోర్మా ఈ ప్రయాణం గురించి అడుగుతూనే ఉంది. ఆయన "రిటైరయ్యాక" అంటూనే ఉన్నాడు. ఇప్పుడు రిటైరయ్యాడు. తప్పించుకునే దారి లేదు.

తప్పించుకోవలసిన అవసరం మాత్రం వచ్చిపడింది. ఆ చలికాలంలో లైసెన్సు మళ్లీ రాయించుకోవడానికి వెళితే కళ్ల పరీక్ష పెట్టారు. గోడమీది అక్షరాలు చదవమంటే ఆయన ముందు గోడ ఎటువైపుందని అడిగాడు. రెండు కళ్లకీ శుక్లాలు ముదిరాయనీ, చిన్న ఆపరేషన్ చేస్తే శుభ్రంగా కనపడుతుందనీ డాక్టర్ ఫోస్కా అనే ఆవిడ చెప్పింది. కంటి దగ్గరికి కత్తి వస్తుందన్న మాట వినగానే గ్వల్తియేరోకి ముచ్చెమటలు పోశాయి. ఆపరేషన్ వద్దన్నాడు. లైసెన్సు రాలేదు. ఊరంతటికీ కారు నేర్పిన మనిషి ఇక కారు నడపకూడదన్న సంగతి ఎవరితో చెప్పుకుంటాడు? కారు మీద గుడ్డ కప్పి, ఎవరడిగినా పొగమంచు అని చెప్పడం మొదలుపెట్టాడు.

ఆ మధ్యాహ్నం నోర్మా చదునుచెప్పులు వేసుకుని, తలకి బూడిదరంగు రుమాలు కట్టుకుని గుమ్మం దాటుతుంటే గ్వల్తియేరో పేపరు పక్కన పెట్టాడు. ఆ పేపరు ఆయన చదవలేడు. కాని రోజూ పట్టుకుంటాడు.

"ఎక్కడికి?"

"చర్చిలో పాటల ప్రాక్టీసు."

"వారంలో మూడోసారి!"

"ఈస్టరు వస్తోంది కదా," అని నోర్మా సైకిలెక్కింది.

గ్వల్తియేరో వెంటనే అనుమానపడలేదు. పాపం, వీధి చివర తెబాల్దో బారుకి వెళ్లేదాకా ఆయన మనసు నిర్మలంగానే ఉంది. తెబాల్దో గ్లాసు తుడుస్తూ గొంతు తగ్గించి, "మాస్టారూ, మీతో ఒక మాట చెప్పొచ్చా, చెప్పకూడదా అని రెండ్రోజులుగా కొట్టుకుంటున్నాను," అన్నాడు.

"చెప్పకూడదనుకుంటే ఈ పాటికి మూసుకునేవాడివి. చెప్పు."

"మొన్న నోర్మమ్మని చూశాను. లంబెర్తో కారులో."

లంబెర్తో ఎదురువీధిలో రెండో డ్రైవింగ్ స్కూలు యజమాని. భార్య పోయినవాడు, మీసానికి నూనె రాస్తాడు. ముప్పై ఏళ్లుగా గ్వల్తియేరో ఆయన వైపు చూసి పలకరించిన పాపాన పోలేదు.

"నువ్వు పొరపడి ఉంటావు," అన్నాడు గ్వల్తియేరో. "నోర్మా కారు నేర్చుకోదు. ఒకప్పుడు నేనే ఒకే ఒక్క పాఠం చెప్పాను. కోటగోడ పక్క కందకంలోకి దింపింది. నేర్పడం నావల్ల కాని మనిషి ఈ భూమ్మీద ఆవిడొక్కతే."

ఈ మాట ఆయన ఈ బారులో చాలాసార్లే అన్నాడు. ఒక్కోసారి నోర్మా పక్కనుండగా కూడా అన్నాడు.

"నేర్చుకోడానిక్కాదులెండి. ఆమె కూర్చున్నది వెనక సీట్లో."

"వెనకా?" గ్వల్తియేరో చేతిలో గ్లాసు ఆగిపోయింది. ఆయన ఎప్పుడూ ఒక్కొక్క శిష్యుడికే పాఠం చెప్పాడు. లంబెర్తో ఇద్దరిద్దర్ని ఎక్కించుకుని ఒకరు నడుపుతుంటే ఇంకొకర్ని వెనక కూర్చోబెడతాడని ఆయనకి తెలీదు. "నేర్చుకునేవాళ్లు ముందు కూర్చుంటారు, తెబాల్దో. వెనక కూర్చునేది దాక్కునేవాళ్లు."

"నేనూ అదే అనుకున్నా," అన్నాడు తెబాల్దో, ఊరట దొరికినట్టు.

ఆ సాయంత్రం నోర్మా తిరిగొచ్చి గుమ్మడికాయ ముద్ద కూరి పిండిబిళ్లలు మడుస్తోంది. గ్వల్తియేరో ఎదురుగా కూర్చుని మామూలుగా అడిగినట్టు అడిగాడు.

"ఇవాళేం పాడారు?"

"ఆ... పాతవే."

"ఏదీ, ఒకటి పాడు."

"గొంతు పట్టేసింది," అంది నోర్మా. అని పని చేసుకుంటూ చేసుకుంటూ ఏదో లోకంలోకి వెళ్లిపోయింది. బల్లకింద ఆమె ఎడమకాలు ముందుకు వెళ్లి, మెల్లగా వెనక్కి వచ్చింది. అది వస్తుంటే కుడికాలు ముందుకు పోయింది. పెదాలు కదులుతున్నాయి. గ్వల్తియేరో కళ్లు పాడైనా చెవులు బాగానే పనిచేస్తున్నాయి; నేలమీద కాళ్ల చప్పుడూ వినపడింది, మాటా వినపడింది. "మెల్లగా వదులు... మెల్లగా... ఇప్పుడు ముందుకి," అని గొణుక్కుంటోంది.

గ్వల్తియేరోకి ఒక్కసారిగా తట్టింది. డాన్సు! లంబెర్తో అంటే వాల్ట్స్ డాన్సుకి ఊళ్లో పెట్టింది పేరు. చదునుచెప్పులు ఎందుకో ఇప్పుడర్థమైంది. గొంతు ఎందుకు పట్టేసిందో అర్థం కాలేదు గాని, అది కూడా డాన్సు ఖాతాలోనే వేసేశాడు.

"నేను రేపు బంతులాటకి పోతున్నా," అన్నాడు.

నోర్మా చేతులు ఆగాయి. "బంతులాట మైదానం మూసేసి నెలయింది, గ్వల్తియేరో."

"... తెరుస్తారేమోనని చూడ్డానికి."

"వెళ్లు, వెళ్లు. పక్కింటి రొసాల్బా చెప్పిందిలే. నువ్వు జియార్దీని వీధిలో మేడమెట్లు దిగుతుంటే ఒకావిడ నీ చెయ్యి పట్టుకుని దింపిందట. తెల్లకోటు వేసుకుందట. పడుచుదట."

ఆవిడ డాక్టర్ ఫోస్కా దగ్గర పనిచేసే నర్సు. కళ్లలో మందుచుక్కలు వేశాక మెట్లు కనపడక ఆయన నిలబడిపోతే చెయ్యి పట్టుకుని దింపింది. ఆ మాట చెబితే కళ్ల సంగతి చెప్పాలి. గ్వల్తియేరో ఆలోచించి, "ఆవిడెవరో నాకు తెలీదు," అన్నాడు.

"తెలీనావిడ చెయ్యి పట్టుకున్నావా!"

ఆ రాత్రి భోజనంలో ఉప్పు ఇమ్మని ఒకరినొకరు అడగలేదు. ఇద్దరూ చప్పటి తిండే తిన్నారు.

మర్నాడు మధ్యాహ్నం నోర్మా బయల్దేరిన కాసేపటికి గ్వల్తియేరో కూడా సైకిలెక్కాడు. కారు నడపకూడదన్నారు గాని సైకిలు గురించి ఎవరూ ఏమీ అనలేదు. ముందు కొంతదూరం బూడిదరంగు రుమాలును వెంబడించాడు. అది ఒక ఇంటిముందు ఆగి వెనక్కి తిరిగితే, రుమాలు కాదు, టోపీ; ఎవరో తాతగారు దాన్ని తీసి ఆయనకి నమస్కారం పెట్టాడు. అక్కణ్ణించి దారి అడుగుతూ, ఇద్దర్ని గుద్దబోయి, ఊరిబయట కాలవగట్టు పక్కనున్న ఖాళీ మైదానానికి చేరాడు. లంబెర్తో పాఠాలు చెప్పేది అక్కడేనని ఆయనకి తెలుసు. తనూ ఒకప్పుడు అక్కడే చెప్పేవాడు.

కారు కనపడింది. అంటే, తెల్లగా పెద్దదేదో కనపడింది. దూరంగా పొడుగాటి ఆకారం ఒకటి వంగి వంగి, బండి తిప్పాల్సిన చోట్ల గుర్తుగా కర్రలు పాతుతోంది. మొహం దగ్గర ఏదో మెరిసింది; లంబెర్తో మీసమే అయి ఉంటుంది. కారులో, ముందు సీట్లో, బూడిదరంగు రుమాలు కట్టుకున్న తల. ఇంజను చిన్నగా మోగుతోంది.

గ్వల్తియేరో సైకిలు గడ్డిలో పడేసి, వెళ్లి, పక్కసీటు తలుపు తెరిచి లోపల కూర్చున్నాడు. భార్య మొహం చూసే ధైర్యం లేక ఎదురుగా అద్దంలోంచి బయటకి చూస్తూ మొదలుపెట్టాడు.

"ఏమీ అనకు. నన్ను మాట్లాడనీ. పాటల ప్రాక్టీసని చెప్పి ఆ మీసాలాయనతో డాన్సులేస్తున్నావని ఊరంతటికీ తెలుసు. ఈ వయసులో! మన పెళ్లినాడు చేసిన ప్రమాణం గుర్తుందా? నేనేం తక్కువ చేశాను? కోపమొచ్చినప్పుడు అరిచానేమో, కాదనను. కాని నిన్ను తప్ప ఇంకో మనిషిని తలుచుకున్నానా? ఇంత ముసుగేసుకుంటే నేను గుర్తుపట్టలేననుకున్నావా?"

పక్కనుంచి సన్నటి, చాలా మర్యాదైన గొంతు వినపడింది. "అయ్యా, నేను సిస్టర్ బెనెదెత్తాని. నా పెళ్లి ప్రభువుతో ఎప్పుడో అయిపోయింది. ఆయన ఇంతవరకూ నామీద ఇలా అరవలేదు."

గ్వల్తియేరో మొహం పక్కకు తిప్పి, బాగా దగ్గరికి వంగి చూశాడు. కాన్వెంటు ముసుగు. మెళ్లో శిలువ. భయంతో గుండ్రంగా అయిన రెండు కళ్లు.

అప్పుడు వెనక సీట్లోంచి ఇంకో గొంతు వచ్చింది. అది ఆయనకి బాగా తెలిసిన గొంతు.

"అయిపోయిందా, ఇంకా ఉందా?"

ఆ గొంతుకి గ్వల్తియేరో ఎగిరిపడ్డాడు. ఆయన ఎగిరిపడగానే సిస్టర్ బెనెదెత్తా కాలు క్లచ్చి మీదనుంచి జారింది. కారు కప్పలా ఒక గెంతు గెంతి ముందుకు పరుగుతీసింది.

"భయపడకండి, సిస్టర్!" అన్నాడు గ్వల్తియేరో. ముప్పై ఏళ్ల అలవాటు ఎక్కడికి పోతుంది? గొంతులో మాస్టారు పలికాడు. "తిన్నగా పోనివ్వండి. ముందు ఏమీ అడ్డం లేదు. కొంచెం పొగమంచుంది, అంతే."

"గ్వల్తియేరో, బండీ!" అని వెనకనుంచి నోర్మా కేక వేసింది.

మైదానం చివర స్ట్రాబెర్రీలు అమ్మేవాడి బండి ఉంది. ఎర్రటి గొడుగు వేసుకుని, మిట్టమధ్యాహ్నం ఎండలో, ఆకాశంలో ఒక్క మబ్బు కూడా లేకుండా ఉంది. అమ్మేవాడు దూకి తప్పుకున్నాడు. బండి తప్పుకోలేదు. గ్వల్తియేరో తన కాలికింద కూడా ఒక బ్రేకు ఉంటుందన్న సంగతి గుర్తొచ్చి తొక్కేసరికి కారు స్ట్రాబెర్రీల మధ్య నిలబడి ఉంది.

కాసేపటికి పోలీసు వచ్చాడు. ఆయనా ఒకప్పుడు మాస్టారి శిష్యుడే. పండ్ల రసంలో కాళ్లు జారకుండా నడుచుకుంటూ కారు చుట్టూ తిరిగాడు. లంబెర్తో కర్రలు పట్టుకుని పరుగున వచ్చి మీసం తడుముకుంటున్నాడు. సిస్టర్ జపమాల తిప్పుకుంటోంది.

"మాస్టారూ," అన్నాడు పోలీసు జాలిగా, "అంత ఎర్రటి గొడుగు మీకు కనపడలేదా?"

గ్వల్తియేరో తలుపు తడుముకుంటూ కారు దిగాడు. నోర్మా కారు దిగి, ఆయన ఎదురుగా కొంచెం దూరంలో నిలబడింది. ఆమె మొహంలో కోపం ఒక్కొక్క మెట్టే దిగుతోంది.

"నా చేతి వేళ్లెన్ని?"

"నువ్వు చెయ్యి ఎత్తితే కదా చెప్పేది," అన్నాడు గ్వల్తియేరో.

చెయ్యి ఎత్తే ఉంది.

ఎవరూ నవ్వలేదు. పోలీసు టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. గ్వల్తియేరో కాలవగట్టు మీద కూలబడి అన్నీ చెప్పేశాడు. గోడ, అక్షరాలు, రాని లైసెన్సు, మెట్లు దింపిన నర్సు, కత్తి అంటే ఉన్న భయం. చెబుతున్నంతసేపూ తల ఎత్తలేదు.

"నాతో చెబితే ఏమయ్యేది?" అంది నోర్మా.

"మాస్టారు అనడం మానేస్తావని."

"నేనెప్పుడన్నానురా మగడా నిన్ను మాస్టారని!" నోర్మా ఆయన పక్కన కూర్చుంది. "నువ్వు రోజుకో సాకు చెబుతుంటే, నన్ను తీసుకెళ్లడం నీకిష్టం లేదనుకున్నా. నువ్వు రాకపోతే నేనొక్కదాన్నే పోదామని నేర్చుకుంటున్నా."

"లంబెర్తో దగ్గరా! ఊళ్లో ఇంకెవరూ దొరకలేదా?"

"రెండే స్కూళ్లు. ఒకదాని యజమాని, నాకు నేర్పడం తనవల్ల కాదని బారు బారంతా చెప్పుకుంటూ తిరిగాడు."

గ్వల్తియేరోకి ఆ కందకం రోజు తను ఎంత గట్టిగా అరిచాడో, ఆమె కారు దిగి వర్షంలో ఇంటిదాకా నడిచి వెళ్లడం, తను వెనక కారులో పోతూ కూడా అరవడం మానకపోవడం, అన్నీ వరసగా గుర్తొచ్చాయి. నలిగిన పండ్లన్నీ వాళ్లే కొనుక్కున్నారు. అందులో బాగున్నదొకటి ఏరి ఆమె చేతికిచ్చాడు. బాగున్నదనుకుని ఇచ్చాడు. నోర్మా దాన్ని ఒకసారి చూసి, ఏమీ అనకుండా తినేసింది.

నెల తిరిగేసరికి నోర్మాకి లైసెన్సు వచ్చింది. సిస్టర్ బెనెదెత్తాకి కూడా వచ్చింది గాని కాన్వెంటువాళ్లు ఆమెకి కారు ఇవ్వడానికి ఇంకా ఆలోచిస్తున్నారు. గ్వల్తియేరో ఊళ్లు తిరిగొచ్చాక ఆపరేషన్ చేయించుకుంటానని మాటిచ్చాడు. ప్రయాణానికి నోర్మా ఒకటే షరతు పెట్టింది. బండి కదిలాక ఆయన డ్రైవింగు గురించి నోరెత్తకూడదు.

గ్వల్తియేరో ఎత్తలేదు. రవెన్నా దాటేదాకా పెదవులు బిగించుకుని కూర్చున్నాడు. ఆయన కుడికాలు మాత్రం లేని బ్రేకును తొక్కుతూనే ఉంది. రిమినీ దగ్గర లారీ పక్కనుంచి పోతున్నప్పుడు కళ్లు మూసుకున్నాడు, తెరిచి ఉన్నా పెద్ద తేడా లేకపోయినా. ఉర్బీనో కొండ ఎక్కే ఏటవాలు రోడ్డుమీద ముందున్న వ్యాను ఆగిపోయింది. వెనక కార్లు హారన్లు కొడుతున్నాయి. నోర్మా ఊపిరి బిగబట్టి, చేతిబ్రేకు వదిలి, క్లచ్చి మెల్లగా లేపింది. కారు వెనక్కి అంగుళం కూడా జారకుండా, అరవకుండా, గెంతకుండా, ఒద్దికగా కొండెక్కింది.

గ్వల్తియేరో గొంతు సవరించుకున్నాడు.

"బాగా నడిపావు, నోర్మా," అన్నాడు.

పెళ్లయినప్పటినుంచీ ఆయన నోట ఆ మాట వినని నోర్మా, కారును జాగ్రత్తగా రోడ్డు పక్కకు తీసి ఆపి, ఇంజను కట్టేసి, ఆయన వైపు తిరిగి, "నిజం చెప్పు, ఇంకేం దాస్తున్నావు?" అంది.