రూడీ వానెక్ మూడో మిషన్

ఆ శనివారం పొద్దున గుడ్లూ సాసేజీ తింటున్న రూడీ వానెక్‌ను చూస్తే పోటీ కప్పు అప్పుడే చేతికి వచ్చేసిందనుకోవాలి. మధ్యాహ్నంలోగా మూడో పిన్‌బాల్ మిషన్ బేస్‌మెంట్‌లోకి దిగుతుంది. భోజనాలయ్యాక ఫైనల్ అతనింట్లోనే జరుగుతుంది. అడ్డు చెప్పడానికి భార్య ఆర్లీన్ కూడా ఇంట్లో ఉండదు, చెల్లెలింటికి వెళుతోంది.

మా బెర్విన్ ఊళ్ళో పిన్‌బాల్ పిచ్చి ఉన్నవాళ్ళు నలుగురు. గాజు కింద వాలుబల్ల మీద దొర్లే ఉక్కుబంతిని కిందికి జారిపోనివ్వకుండా కొడుతూ అంకెలు పెంచుకునే ఆట అది. ఏడాదంతా ఒకరింట్లో ఒకరు ఆడి, చివర ఒక ఫైనల్ పెట్టుకుంటారు. కప్పంటే పెద్దదేమీ కాదు, ఎవరిదో పాత బౌలింగ్ కప్పు మీద ఉక్కుబంతి అతికించారు. అయినా దాని కోసం రూడీ ఎన్నో ఏళ్ళుగా అంగలారుస్తున్నాడు. ఫైనల్‌కు మూడు మిషన్లుండాలి కాబట్టి అది ఎప్పుడూ గస్ పాపస్ ఇంట్లోనే జరిగేది, ఎప్పుడూ గస్సే గెలిచేవాడు. అతని మూడు మిషన్లూ మూడు తీర్లు. ఒకదాని మీద కుదిరిన చెయ్యి ఇంకోదాని మీద కుదరదు. కానీ మూడు మిషన్లున్న ఇళ్ళు రెండైతే, కొత్త మిషన్ దిగిన ఇంట్లోనే ఫైనల్ అని ఆనవాయితీ. రూడీ ఆ ఆనవాయితీని పట్టుకున్నాడు.

నిజం చెప్పాలంటే అతనికి చేతనైన దెబ్బ ఒక్కటే. బొత్తాం నొక్కితే లేచే రెండు రెక్కల్లో కుడిదానితో బంతిని కొట్టి ఎడమవైపు వాలుదారి, అంటే ర్యాంపు, ఎక్కించడం, అది తిరిగి ఎడమ రెక్క మీదికి రాగానే కుడి ర్యాంపు ఎక్కించడం. బంతి దారులన్నీ విసనకర్రలా విచ్చుకుని ఉండే మిషన్ల మీద ఈ దెబ్బకు తిరుగులేదు. అందుకే మొదటి రెండూ అలాంటివే ఏరి తెచ్చాడు. ఒకదాని మీద ఓడదొంగల బొమ్మలు, రెండోదాని మీద రేసుకార్లు. ఇప్పుడొచ్చేదాని మీద రాకెట్లున్నా లోపలి అమరిక అచ్చం అదే. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. రూడీ రచ్చ సంగతి వదిలేసి ఇల్లు చాలనుకున్నాడు.

చిక్కల్లా చోటు దగ్గర వచ్చింది. బేస్‌మెంట్‌లో రెండు మిషన్లు, బట్టలుతికే మిషన్, పక్కనే ఆరబెట్టే డ్రయ్యరు. ఆ డ్రయ్యరు ఒక్క పూట బయట ఉంటే సరిపోతుంది. ఆర్లీన్‌ను అడగవచ్చు. కానీ ఆమెకు పిన్‌బాల్ గిట్టదని రూడీ ఎప్పుడో తేల్చేసుకున్నాడు. గిట్టదని ఆమె ఒక్కనాడూ అనలేదు, అతనూ ఒక్కనాడూ అడగలేదు.

మిషన్ ఎవరిదైనా మొయ్యడానికి మిగతావాళ్ళు రావాలి, కూలి పిజ్జా, బీరు. ట్రక్కు ఉన్నది గస్‌కు ఒక్కడికే కాబట్టి అతనే వచ్చాడు. తనను ఓడించడానికి తెచ్చిన మిషన్‌ను తానే మొయ్యవలసి వచ్చిందని గొణిగాడు కానీ, మర్యాద తప్పలేదు. ఇద్దరూ ముందు డ్రయ్యరును పైకి తెచ్చి ఇంటి వెనక సందులో పెట్టారు. తరవాత మిషన్‌ను మెట్ల మీదుగా దించబోతే మలుపు దగ్గర ఇరుక్కుంది. చెయ్యిపట్టు కమ్మీ ఊడదీస్తే తప్ప కదలదన్నాడు గస్. కమ్మీతోపాటు గోడ పెళ్ళ కూడా ఊడి వచ్చింది. మిషన్ మాత్రం అంగుళం కదలలేదు.

మా ఊళ్ళో ఇంటి వెనక సందులో ఇనుప సామాను పెట్టడమంటే, కావలసినవాళ్ళు పట్టుకుపొమ్మని చెప్పడమే. పాత ఇనుము ట్రక్కులు పొద్దస్తమానం ఆ సందుల్లోనే తిరుగుతాయి. బెర్విన్‌లో పుట్టి పెరిగిన రూడీ ఆ సంగతి మరిచిపోయాడు. గుర్తొచ్చి పరుగెత్తేసరికి సందులో ఒక పిల్లి తప్ప ఏమీ లేదు.

తిరిగొచ్చి మెట్ల మలుపులో మిషన్ పట్టుకున్నాడో లేదో, పైన ఆర్లీన్ నిలబడి ఉంది. చెల్లెలికి జలుబు చేసిందని తొందరగా వచ్చేసింది.

"డ్రయ్యరేది?" అంది కింద ఖాళీ చోటు చూసి.

"రిపేరుకిచ్చా," అన్నాడు రూడీ.

"పొద్దున బానే తిరిగిందే."

"తిరిగింది గానీ చప్పుడు తేడాగా ఉంది. గస్‌కి తెలిసినోడే తీసుకెళ్ళాడు."

"మంచి పనోడమ్మా," అన్నాడు మిషన్ కింది నుంచి గస్.

"అందులో నా బట్టలున్నాయి. రేపు చర్చికి వేసుకెళ్ళే గౌను కూడా అందులోనే ఉంది. వాడి నంబరు చెప్పు, నేనే మాట్లాడతా."

రెండు చేతులతో మిషన్ మోస్తున్న మనిషికి ఆలోచన ఎక్కడిది? గస్ నోటికొచ్చిన నంబరు చెప్పేశాడు. ఆర్లీన్ ఆ నంబరు నొక్కింది. మరుక్షణం గస్ జేబులోనే ఫోను మోగింది. ముగ్గురూ కాసేపు ఆ పాట విన్నారు.

ఇక రూడీ తలొంచుకుని జరిగిందంతా చెప్పాడు. ఆర్లీన్ చేతిసంచీ కింద పెట్టింది.

"ఇవాళ నేనూ ఆడతా," అంది. "నేను గెలిస్తే రేపే కొత్త డ్రయ్యరు, కొత్త గౌను. ఈ మిషన్ ఉండాలో పోవాలో కూడా నేనే చెప్తా."

రూడీకి ప్రాణం లేచొచ్చింది. ఇంత తేలిక శిక్ష అతను ఊహించలేదు. వెంటనే ఒప్పుకున్నాడు.

భోజనాల తరవాత మిగతా ఇద్దరూ వచ్చి తలో చెయ్యి వేస్తే మిషన్ దిగింది. పొద్దుటి నుంచి మోసి మోసి గస్ చేతులు మొద్దుబారాయి, అతని ఆట ముందే ముగిసింది. రూడీ మాత్రం జీవితంలో ఎన్నడూ ఆడనంత బాగా ఆడాడు. చివర ఆర్లీన్ చేతులు తుడుచుకుని ఓడదొంగల ముందు నిలబడింది. కుడి రెక్క, ఎడమ ర్యాంపు. ఎడమ రెక్క, కుడి ర్యాంపు. మూడు మిషన్ల మీదా బంతి ఆమె చెప్పుచేతల్లో తిరిగింది. రూడీ అంకె ఆమె అంకెకు దరిదాపుల్లో లేదు. సొంత దెబ్బ తగిలి ఓడిపోవడం ఎంత బాధో అతనికి అప్పుడు తెలిసింది.

"ఎప్పుడు నేర్చుకున్నావ్?" అన్నాడు నీరసంగా.

"డ్రయ్యరు గంటసేపు తిరుగుద్ది రూడీ. ఇన్నేళ్ళూ బట్టలారేదాకా నేను కింద ఏం చేస్తున్నాననుకున్నావ్?"

"మరి ఈ కొత్తదో? నువ్వు దీన్ని చూడను కూడా లేదుగా."

"చూసేదేముంది, ఆ రెండింటి లాంటిదేగా. నువ్వే ఏరి తెచ్చావు." కప్పు చంకన పెట్టుకుని మెట్లెక్కుతూ, మిషన్ ఉండొచ్చని చెప్పింది.

మర్నాడు షాపులో ఆర్లీన్ రంగులు చూస్తుండగా, రూడీ షాపువాణ్ణి పక్కకు పిలిచి, వీటన్నిటిలోకి బట్టలు తొందరగా ఆరబెట్టేది ఏదని అడిగాడు.