రాజుగారి కోటు, మూడంగుళాల సులువు

కంప్యూటర్లలోంచి బటన్లు పీకేసే మహానుభావులకు కూడలి కూడలిలో విగ్రహాలు పెట్టాలి. నవ్వకండి, సీరియస్‌గానే అంటున్నాను.

ఒకప్పుడు ఏ ప్రోగ్రామ్ తెరిచినా నూటయాభై బొమ్మలు మీదికి ఎగబడేవి. ఏది నొక్కితే ఏమవుతుందో నేర్చుకోవాలి, గుర్తుపెట్టుకోవాలి. ఎంత శ్రమ! ఇప్పుడు తెల్లటి తెర, మధ్యలో ఒకే ఒక గుండ్రటి బటన్. నొక్కడం, అది ఇచ్చింది కళ్ళకద్దుకోవడం. మనిషి నెత్తి మీంచి ఆలోచన అనే బరువు దించడం చిన్న మేలా?

మా ఆవిడ మాత్రం ఒప్పుకోదు. ఆవిడ నాటకాలకు దుస్తులు కుడుతుంది. కోటు కొలతలు కంప్యూటర్‌లో గీసి, ప్రింట్ తీసి, కాగితాలు అతికించి, గుడ్డ మీద పరిచి కత్తిరిస్తుంది. పదేళ్ళుగా అదే ప్రోగ్రామ్. అందులో 'అసలు సైజు' అని ఒక చిన్న గడి ఉండేది. టిక్కు పెడితే గీసిన అంగుళం కాగితం మీదా అంగుళమే.

పోయిన సోమవారం ప్రోగ్రామ్ తనంతట తానే అప్‌డేట్ అయింది. 'మీ కోసం అన్నీ సులువు చేశాం' అంది. గడి మాయం. ఇక అడగకుండానే సైజు అదే చూసుకుంటుందేమో అనుకుని, బుధవారం ఆవిడ రాజుగారి కోటు కుట్టేసింది. గురువారం రాజు వేషం వేసే ఆయన వచ్చి తొడుక్కున్నాడు. పగలు పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేస్తాడు, మనిషి బీరువాలా ఉంటాడు. 'ఎవరక్కడ' అనడానికి ఊపిరి పీల్చాడు. రెండు గుండీలు ఎగిరి నా టీ కప్పు పక్కన పడ్డాయి.

"నేను లావయ్యానా అమ్మా?" అన్నాడు పాపం.

"మీరు కాదండీ, కోటే చిక్కింది," అంది ఆవిడ టేపు పెట్టి చూస్తూ. ఛాతీ దగ్గర మూడంగుళాలు తక్కువ. మా సౌకర్యం కోసం ప్రోగ్రామ్ బొమ్మను కాగితం అంచుల్లో పట్టేలా కాస్త కుదించిందట. నాటకమేమో శనివారం సాయంత్రం. మిగిలిన మఖమల్ సరిగ్గా ఇంకొక్క కోటుకే వస్తుంది. ఆవిడ గుండీలు ఏరుకుంది.

రాజు ఊపిరి పీల్చకుండా కూడా పాలించొచ్చు కదా అని ధైర్యం చెప్పాను. నన్ను పట్టించుకోకుండా తమ్ముడికి ఫోన్ చేసింది.

మా బావమరిది ఆ ప్రోగ్రామ్ తయారుచేసే కంపెనీలోనే పనిచేస్తాడు. శుక్రవారం పొద్దున్నే ల్యాప్‌టాప్ సంచీతో దిగాడు.

"ఆ గడి మేమే తీసేశాం అక్కా. జనం కన్‌ఫ్యూజ్ అవుతున్నారని రిపోర్టొచ్చింది."

"నేనెప్పుడన్నా కన్‌ఫ్యూజ్ అయ్యానట్రా?"

"నువ్వు కాదక్కా. జనం."

"ఎవర్రా ఆ జనం? ఒక్కణ్ణి చూపించు."

వాడు నా వైపు చూశాడు. నేను టీలో మునిగిపోయాను.

వాడు అక్క ఫైల్‌ని తన ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించుకుని మా ప్రింటర్‌కి పంపాడు. కాగితాల మీద ఆవిడ స్కేలు పెట్టింది. అంగుళమంటే అంగుళం. అప్పుడు వాడి తెర వంక చూసింది. నూటయాభై బొమ్మలూ అక్కడే ఉన్నాయి, 'అసలు సైజు' గడితో సహా.

"నీ దాంట్లో పాతదే ఉందేంట్రా?"

"నాకు పనుంటుంది కదక్కా," అన్నాడు మామూలుగా. అన్న తర్వాతే చెవులు ఎర్రబడ్డాయి.

ఆవిడ కేకలు వెయ్యలేదు. తన కంప్యూటర్ ముందు కుర్చీ వేసి, "నాకూ ఉంటుంది, కూర్చో," అంది. వాడు పాతది ఎక్కిస్తుంటే పక్కనే మఖమల్ కత్తిరించింది. శనివారం రాజుగారు గుండెల నిండా గాలి పీల్చి అరిస్తే ఆఖరి వరుస దాకా వినిపించింది. గుండీ ఒక్కటి కూడా కదల్లేదు.

"బావా, నీ దాంట్లో కూడా పాతది పెట్టమంటావా?" అనడిగాడు వాడు వెళ్ళేటప్పుడు. నేను నోరు తెరిచేలోపే మా ఆవిడ అంది, "ఆయనకి కొత్తదే ఉంచరా. ఆయనకేం పని."

అందువల్ల ఈ వ్యాసం ఆ కొత్తదానిలోనే రాశాను. ఒకట్రెండు మాటలు వెనక్కి తీసుకోవాలని ఉంది కానీ, ఆ వీలు ఎక్కడ దాచారో పొద్దుటినుంచీ దొరకలేదు. గుండ్రటి బటనొక్కటే ఉంది. అది నొక్కితే మీకు చేరిపోతుంది.