తలుపు రబ్బరు మార్చబోయి

ఆ ఆదివారం పొద్దున సార్టరుగారు పెట్టుకున్న పని ఒక్కటే. వ్యానుకు ఎడమవైపు ముందు తలుపు చుట్టూ ఉన్న పాత రబ్బరు పీకి కొత్తది అంటించడం. వాన పడితే ఆ సందులోంచి నీళ్లు కారి భార్య భుజం తడిసిపోతోంది. రెండు గంటల పని. పదింటికల్లా చేతులు కడుక్కుని కాఫీ తాగొచ్చు అనుకున్నాడు.

వ్యాను పాతికేళ్లది. అటవీ శాఖవాళ్లు వాడుకున్నన్నాళ్లు వాడుకుని వేలంలో వదిలించుకుంటే, తపాలా ఆఫీసులో ముప్పై ఏళ్లు ఉత్తరాలు వేరుచేసి రిటైరైన సార్టరుగారు పాడుకున్నాడు. నాలుగు చక్రాలూ లాగే బండి. దానికున్న గుణం అదొక్కటే, ఆయనకు కావలసిందీ అదే. భార్యకు అక్కగారు కొండ మీద ఉంటుంది. ఆ దారిన బస్సు లేదు, అక్కడ ఫోను అందదు. పదిహేను రోజులకోసారి గ్యాసు బండల కోసం ఒక ట్రాక్టరు దిగి, మర్నాడు తపాలా సంచీతో సహా పైకి పోతుంది. వదినగారికి మోకాళ్లు అరిగిపోయి, కొండ దిగి నాలుగేళ్లయింది. వచ్చే పన్నెండో తారీకుకి ఆమెకు డెబ్భై నిండుతాయి.

"ఆ రోజు నేను అక్క పక్కన ఉండాలి," అంది భార్య. "ట్రాక్టరు తొట్టిలో బస్తాలా కూర్చుని మాత్రం వెళ్లను. బండి కొన్నప్పుడు మీరేమన్నారో గుర్తుందిగా?"

గుర్తుంది. "నిన్ను మహారాణిలా తీసుకెళ్తా" అన్నాడు. రోజుకు పది మాటలకు మించి మాట్లాడని మనిషి, ఆనాడు ఆ మాట ఎందుకన్నాడో ఆయనకే తెలియదు. పన్నెండుకు ఇంకా పందొమ్మిది రోజులుంది.

రబ్బరు పీకితే దానితోపాటు చారెడు తుప్పు రాలింది. వెల్డింగు పని చేసే బావమరిదిని పిలిచి చూపించాడు. అతను తలుపు కింద సుత్తితో మెల్లగా తట్టాడు. సుత్తి లోపలికి వెళ్లిపోయింది.

"బావా, ఇది బండి కాదు. రంగేసిన జల్లెడ."

"రబ్బరు అంటిస్తే చాలురా."

"దేనికి అంటిస్తావు, గాలికా? పట్టు, తలుపు విప్పుదాం."

తలుపు విప్పారు. ఎలాగూ తలుపు విప్పాం కదా అని సీటు తీశారు. ఎలాగూ సీటు తీశాం కదా అని కింది రేకు లేపారు. రేకు కింద వైర్లను ఎలుకలు కొరికేసి ఉన్నాయి. ఎలాగూ ఇంత దూరం వచ్చాం కదా అని గేరుపెట్టె దించారు. 'ఎలాగూ' అన్న మాటే పుట్టకపోతే లోకంలో సగం కొంపలు నిలబడి ఉండేవి. బుధవారానికి పెరట్లో నాలుగు ఇటుకల దిమ్మెల మీద వ్యాను అస్థిపంజరం మిగిలింది. బావమరిది ఎత్తు స్ప్రింగుల గురించి, లావు టైర్ల గురించి, వెనకాల మడతమంచం గురించి చెప్పుకుపోతున్నాడు.

"మనం అక్కని చూడ్డానికి వెళ్తున్నామా, కొండ మీదికి దండెత్తుతున్నామా?" అంది భార్య. "పందొమ్మిది కాస్తా పదహారైంది. మీకు చీమ కుట్టినట్టయినా లేదు."

చీమ కుట్టకపోవడానికి కారణం ఉంది. విప్పిన ప్రతి బోల్టూ ఎక్కడిదో సార్టరుగారికి తెలుసు. బావమరిది విప్పి పారేస్తుంటే ఆయన వెనకే ఏరుకుంటూ, ఒక్కో చోటి మరల్ని ఒక్కో కవరులో వేసి అంటించి, మీద చిరునామా రాశాడు. 'ఎడమ తలుపు, కింది కీలు.' 'కుడి లైటు, పై మర.' కవర్లు వదినగారి ఉత్తరాలవే. ట్రాక్టరు దిగినప్పుడల్లా ఆమె ఒక ఉత్తరం పంపుతుంది. ఉత్తరాలు భార్య పెట్టెలో భద్రంగా ఉంచుకుని, ఖాళీ కవర్లు ఈయనకిచ్చింది. ముందువైపు పాత చిరునామా మీద తెల్లకాగితం అంటించాడు. వెనకవైపు జోలికి పోలేదు. అరవై మూడు కవర్లను మూడు కట్టలుగా, ముప్పై ఏళ్లు వేసిన ముడితోనే కట్టి వరండా బల్ల మీద వరసగా పేర్చాడు. తరవాత బావమరిదితో కలిసి గేరుపెట్టెను రిక్షాలో వేసుకుని షెడ్డుకు వెళ్లాడు.

తిరిగొచ్చేసరికి బల్ల ఖాళీ.

"నేను ముట్టుకోలేదు," అంది భార్య. "పొద్దున్నించీ పెరట్లో బట్టలుతుకుతున్నా. పోస్టుమాన్ కేకేసి అక్క ఉత్తరం గుమ్మంలో పెట్టి వెళ్లాడు, అంతే."

సార్టరుగారు చెప్పులు మరిచి పోస్టాఫీసుకు పరిగెత్తాడు. ఆయన దగ్గరే పని నేర్చుకున్న పోస్టుమాన్ లేచి నిలబడ్డాడు.

"మీరు రావాలా గురువుగారూ? కట్టలు పంపించేశాగా! బల్ల మీద మీ ముడి చూడగానే గుర్తుపట్టా. ఆ ముడి పడ్డ కట్ట ఒక్క పూట కూడా ఆగకూడదని మీరే చెప్పేవారు కదా. స్టాంపులు మరిచిపోయారు. మీ దగ్గర డబ్బు తీసుకోవడమేంటని నేనే కొని అంటించా."

"మీద ఏం రాసుందో చూశావా?"

"చూశానండీ. 'ఎడమ తలుపు, కింది కీలు.' ఊరి పేరు లేదు. అడ్రసు దొరకని ఉత్తరం మన బీరువాలో మురగకూడదు, వెనకవైపు పంపినవాళ్ల అడ్రసుంటే వాళ్లకే పోవాలి. అదీ మీరు చెప్పిందే."

వెనకవైపు ఏముందో సార్టరుగారు అడగలేదు.

"అదృష్టం చూడండి, ట్రాక్టరు అప్పుడే కదులుతోంది," అన్నాడు పోస్టుమాన్. "పరిగెత్తి మరీ సంచీలో వేశా."

ట్రాక్టరు మళ్లీ దిగేది పదకొండున. సార్టరుగారు పోస్టాఫీసు మెట్ల మీద కూలబడ్డాడు. బోల్టులు కావాలంటే కొండెక్కాలి. కొండెక్కాలంటే బండి కావాలి. బండి నిలబడాలంటే బోల్టులు కావాలి. ముప్పై ఏళ్లలో ఒక్క ఉత్తరం దారి తప్పనివ్వని మనిషి, తన బండిని తానే అరవై మూడు ముక్కలుగా టపాలో వేయించుకున్నాడు. అది కూడా తప్పుగా కాదు. నిబంధనల ప్రకారం.

కొత్తవి కొందామని వెళితే సామాన్ల కొట్టువాడు నమూనా మర చూసి దండం పెట్టాడు. "ఇది చేసినవాళ్లు కూడా ఇప్పుడు ఉండరండీ." నడిచి వెళదామంటే రెండు రోజులు ఎక్కాలి. మొదటి మలుపు దాకా వెళ్లి, గుండె పట్టుకుని తిరిగొచ్చాడు. ఇంట్లో భార్య పన్నెండుకని కొనుక్కున్న కొత్త చీర మడత విప్పి, మళ్లీ మడిచి, పెట్టె అడుగున పెట్టేసింది. అది చూశాక ఆయనకు నాలుగు రోజులు అన్నం సయించలేదు.

పదకొండో తారీకు మధ్యాహ్నం వీధిలో ట్రాక్టరు ఆగింది. తొట్టి నడుమ ఒక చేతుల కుర్చీ, దాన్ని నాలుగువైపులా తాళ్లతో బిగించి కట్టారు. కుర్చీలో వదినగారు. ఒళ్లో ఒక గోనెసంచీ.

"అక్కా!" అని భార్య తడిచేతులతోనే పరిగెత్తింది.

"ఉండవే. ముందు నీ మొగుణ్ణి చూడనీ. ఏం మరిదిగారూ, నేనెవరో తెలుస్తోందా?"

"అదేంటి వదినా?"

"అరవై మూడు కవర్లు! ఒక్కదాంట్లో ఒక్క ముక్క ఉత్తరం లేదు, అన్నీ తుప్పు మేకులు. మీద చూస్తే మీ చేతిరాత. నా చెల్లెలి మొగుడికి మతి పోయింది, అది ఒక్కతే ఎలా వేగుతోందో అని పదిహేను రోజులు నిద్రపోతే ఒట్టు."

"మరి మోకాళ్లు?"

"వాటిని అడిగి బయల్దేరానా?"

సార్టరుగారు సంచీ అందుకున్నాడు. బరువుగా ఉంది. వారాల తరవాత మొదటిసారి ఆయన ముఖం విప్పారింది. సంచీ మూతి విప్పి చూశాడు. అరవై మూడు కవర్ల బోల్టులూ, మరలూ, వాషర్లూ ఒకే కుప్పగా కలిసి ఉన్నాయి.

"కవర్లేవి వదినా?"

"కాగితాలెందుకు మోత? పొయ్యి రాజేసుకున్నా."

బావమరిది గోడకేసి తిరిగి నిలబడ్డాడు. అతని భుజాలు అదురుతున్నాయి.

పన్నెండో తారీకు భార్య అక్క పక్కనే ఉంది, కొత్త చీరలో. వదినగారు మళ్లీ తొట్టెక్కనని తేల్చి చెప్పింది. బండి తయారైతేనే కొండకు.

"తొందరేముందండీ," అంది భార్య, పెళ్లయ్యాక మొదటిసారి. "నిదానంగా చేసుకోండి."

సార్టరుగారు ఇప్పుడు రోజంతా వరండాలో కూర్చుని ఆ సంచీని వేరుచేస్తున్నాడు. సాయంత్రానికి కుప్పలు తేలతాయి. తెల్లారేసరికి నాలుగైదు బోల్టులు కుప్పలు మారి ఉంటాయి. పిల్లి పనే అని ఆయన గట్టి నమ్మకం.

ఆ ఇంట్లో పిల్లి లేదు.