రివర్స్ గేరులో రాష్ట్ర గీతం

ఆ ఉదయం తమ్ముడి పథకం చాలా సాదాసీదాది. అక్క సామాను తన మినీ లారీలో వేసుకోవాలి, కొత్త ఇంటి ముందు దింపాలి, ఊరికి బయల్దేరుతున్న ఇంటాయన దగ్గర తాళంచెవి పుచ్చుకోవాలి. ఇంటాయన రిటైరైన డ్రిల్లు మాస్టారు. ముందే తెగేసి చెప్పాడు. "నేను బస్సుకి వెళ్లేలోగా వస్తే ఇల్లు మీది. రాకపోతే తాళంచెవి బ్యాంకాయనకి ఇచ్చేస్తా. ఆయనా ఎప్పట్నించో అడుగుతున్నాడు."

ఆ ఇల్లు అక్కకు ఎంత అవసరమో తమ్ముడికి తెలుసు. అద్దె ఇళ్ల కోసం ఆవిడ కాళ్లరిగేలా తిరిగింది. కుట్టు మిషను ఉందనగానే చప్పుడు పడదంటూ అందరూ తలుపులు వేసుకున్నారు. అందుకే ఈసారి మిషను ఊసే ఎత్తకుండా, దానికి పాత దుప్పటి కప్పి లారీలో బీరువా పక్కన నిలబెట్టింది. ఆ మిషను తొక్కే తమ్ముణ్ణి పెంచింది, డ్రైవింగు నేర్పించింది. ఆ రుణం తీరేది కాదు గానీ, ఈ ఒక్క పనైనా ఏ తేడా రాకుండా చేసిపెట్టాలని వాడి ఆరాటం.

అక్కడితో ఆగినా బాగుండేది. అక్క కుట్టుకుంటూ కూనిరాగం తీసేది రాష్ట్ర గీతమే. ఆవిణ్ణి సంతోషపెట్టాలని ముందురోజే ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్లి, కీచుమనే రివర్స్ హారన్ తీయించి దాని స్థానంలో ఆ పాట పెట్టించాడు మహానుభావుడు.

కొత్త వీధి ఇరుకు, పైగా పల్లం. లారీ వెనక్కి వెళ్లి తీరాలి. వాడు రివర్స్ గేరు వేశాడు. రాష్ట్ర గీతం వీధంతా మార్మోగింది. తప్పుకోవాల్సిన జనం తప్పుకోవడం మానేసి, లారీ వెనకే బిర్రబిగుసుకుని నిలబడిపోయారు. బడికెళ్లే పిల్లలు, కూరల బండి ఆవిడ, నోట్లో బ్రష్షుతో ఒక పెద్దమనిషి, అందరూ అటెన్షన్‌లోనే ఉన్నారు. గేటు దగ్గర మాస్టారు, బస్సు వేళైంది వీళ్లింక రారని, అప్పుడే తాళంచెవి బ్యాంకాయన అరచేతిలో పెట్టబోతున్నాడు. పాట వినగానే ఇద్దరి చేతులూ తొడలకు అతుక్కుపోయాయి. తాళంచెవి మాస్టారి పిడికిట్లోనే ఉండిపోయింది.

జనాన్ని చూసి కంగారుపడి తమ్ముడు గేరు తీశాడు. పాట ఠక్కున ఆగింది.

"ఎవడయ్యా పాటని మధ్యలో కోసింది? మళ్లీ మొదట్నించి పెట్టు," అని మాస్టారు కేకేశాడు.

వాడు క్లచ్చీ బ్రేకూ నొక్కిపట్టి మళ్లీ రివర్స్ వేశాడు. ఈసారి మూడు చరణాలూ అయ్యాయి. హమ్మయ్య అనుకునేలోపే హారను ఊపిరైనా తీసుకోకుండా పల్లవి అందుకుంది. ఎత్తుకున్న పాటను ఆపితే అవమానం, ఆపకపోతే అంతులేదు. వీధి చివర మాస్టారి బస్సు వచ్చింది, ఆగింది, వెళ్లిపోయింది. మాస్టారి కనుగుడ్లు మాత్రమే దాన్ని సాగనంపాయి. తమ్ముడి కాలు కొయ్యబారింది.

"అక్కా, ఏం చెయ్యమంటావే?" అన్నాడు ఏడుపు గొంతుతో.

లారీ పైన సామాను మధ్య అటెన్షన్‌లో నిలబడి ఉంది అక్క. "కదలకురా, మాస్టారు చూస్తున్నారు," అంది పెదాలు కదపకుండా.

అక్క కదల్లేదు గానీ మిషను కదిలింది. దాని కాళ్లకు చక్రాలున్నాయి, వీధి పల్లంగా ఉంది, లారీ వెనక తలుపు గొళ్లెం ఎప్పుడో ఊడింది. దుప్పటి జారిపోయి మిషను నలుగురిలో బయటపడింది. చెయ్యి కదిపితే ఇల్లు పోతుంది, కదపకపోతే మిషను పోతుంది. అక్క ఒక్క క్షణం మాస్టారి వంక చూసి, ఇల్లు పోతే పోయిందని రెండు చేతులతో మిషనును వాటేసుకుంది. అది ఆగలేదు. ఆవిణ్ణి కూడా లాక్కుపోతోంది.

"చూస్తారేంటయ్యా, పట్టుకోండి," అని అరిచాడు మాస్టారు.

"పాట అవుతోంది కదండీ మాస్టారూ," అంది కూరల బండి ఆవిడ, కదలకుండా.

జీవితంలో మొదటిసారి రాష్ట్ర గీతం మధ్యలో మాస్టారు పరిగెత్తాడు. అంచు దాటబోతున్న మిషనును ఛాతీతో ఆపి, ఆయాసపడుతూ దాని చక్రం నిమిరాడు. "మా అమ్మదీ ఇలాంటిదేనమ్మా. ఆవిడ తొక్కితే నేను తిన్నాను. ఇది పడిపోతుంటే నిలబడి పాట వింటానా?" అన్నాడు. తర్వాత డ్రైవరు సీటు వైపు తిరిగి, "ఆపు నాయనా, పుణ్యముంటుంది," అని బతిమాలాడు.

"మరి తాళంచెవి?" అన్నాడు బ్యాంకాయన.

"ఆ ఇంట్లో మిషను ఉంటుందండీ. మీకు నిద్ర పట్టదు," అని మాస్టారు తాళంచెవి అక్క చేతిలో పెట్టాడు. అక్క రెండు చేతులూ జోడించింది.

బస్సు తప్పిన మాస్టారికి కొత్త ఇంట్లో మొదటి టీ దక్కింది. తన ఇంట్లో తానే అతిథిలా కూర్చుని మెచ్చుకుంటూ తాగాడు. తమ్ముడు తల దించుకుని, "నా వల్ల ఇల్లు పోయేదే కదక్కా," అన్నాడు. అక్క వాడి తల మీద చెయ్యి వేసింది. "పిచ్చోడా, నీ పాట మోగకపోతే తాళంచెవి ఎప్పుడో ఆ బ్యాంకాయన చేతిలో పడేది. చల్లగా ఉండరా," అంది. కొయ్యబారిన కాలు రుద్దుకుంటూ వాడు కళ్లు తుడుచుకున్నాడు.

మాస్టారి సలహా మీద ఆ సాయంత్రమే హారన్లో పాట మార్పించాడు. తమ ఊరి ఏటి గురించి అందరూ పాడుకునే పాత పాట పెట్టించాడు. దానికి ఎవరూ అటెన్షన్‌లో నిలబడనక్కర్లేదు. నిజంగానే ఇప్పుడు ఎవరూ నిలబడటం లేదు. పాట పూర్తయ్యేదాకా ఇంకాస్త వెనక్కి రమ్మంటున్నారు, అంతే.