ఐదు దిళ్ల చిత్రం

ఇకమీదట తమ పత్రికలో వెలువడే సాహస చిత్రాల సమీక్షలు మేధావుల కోసం కాక సామాన్య ప్రేక్షకుల కోసమే రాయబడునని, నిత్యజీవితానికి పనికివచ్చే విషయం ప్రతి సమీక్షలోనూ ఒక్కటైనా ఉండి తీరవలెనని ఆ పత్రిక యాజమాన్యం ఒక సోమవారం ఉదయం నోటీసు బోర్డుమీద ప్రకటించింది. సిబ్బంది అంతా గుమిగూడి చదివారు. పేరెత్తకుండా తిట్టింది ఎవరినో అందరికీ తెలుసు గనక, చదివిన ప్రతివారూ వెనక్కి తిరిగి సినిమా సమీక్షకుడి వంక ఒకసారి జాలిగా చూసి తమ తమ కుర్చీల్లోకి వెళ్ళిపోయారు.

సమీక్షకుడు చెడ్డవాడు కాడు. చిన్నతనంలో సాహస చిత్రాలంటే పడిచచ్చేవాడు. కుర్చీ అంచున కూర్చుని, గోళ్ళు కొరుక్కుంటూ, నాయకుడికంటే ముందే తను చెమటలు పట్టించుకునేవాడు. ఆ పిచ్చే అతణ్ణి ఈ ఉద్యోగంలోకి దింపింది. చేరాక మాత్రం ‘దృశ్యభాష’, ‘అంతర్లయ’, ‘కథనవ్యూహం’ వంటి మాటలు అంటుకున్నాయి. ఒక పోరాట చిత్రం మీద అతను రాసిన సమీక్షను సంతాప సందేశం అనుకుని ఒక పాఠకుడు నిర్మాత ఇంటికి పరామర్శకు వెళ్ళాడని ఇప్పటికీ చెప్పుకుంటారు.

అతనికి ఇంకో బలహీనత ఉంది. అబద్ధం రాయలేడు. పత్రికారంగంలో ఇది లోపమే అయినా, సినిమా పేజీ ఎలాగూ ఎవరూ చదవరు కదా అని సంపాదకుడు ఇన్నాళ్ళూ చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. ఇప్పుడిక ఊరుకోవడానికి లేదు. గదిలోకి పిలిచాడు.

“చూడవయ్యా, మా ఆవిడ నీ సమీక్ష చదివి సినిమాకి వెళ్ళాలా వద్దా అని నన్నడిగింది. నాకేం తెలిసి ఏడిస్తేగా? మామూలు మనిషిలా రాయి. వెళ్ళావు, కూర్చున్నావు, నీకేమైంది? అంతే. చేతకాకపోతే చెప్పు, వాతావరణం పేజీ ఖాళీగా ఉంది.”

ఆ వారం విడుదలైన చిత్రంలో నాయకుడు విమానంలోంచి రైలు మీదికి, రైలు మీంచి ఓడ మీదికి దూకుతాడు. దూకిన చోటల్లా పేలుడే. సమీక్షకుడు కలం, కాగితం సిద్ధం చేసుకుని కూర్చున్నాడు. మొదటి పేలుడు వినబడింది. తర్వాత అతనికి ఏమీ తెలియదు.

ఇందులో అతని తప్పేమీ లేదని గ్రహించాలి. అతనుండే వాటాకు కింద రేకులు సాగగొట్టే కార్ఖానా ఉంది. పైవాటా కుర్రాడు ఇనప గుండ్లు ఎత్తుతాడు; ఎత్తడంతో పేచీ లేదు గానీ, దించడమనేది అతనికి రాదు, వదిలేస్తాడు. పక్కవాటాలో సంగీతం పంతులమ్మ దగ్గర ఏ పాఠమూ పట్టుబడని పిల్లలు చాలామంది ఉన్నారు. సమీక్షకుడూ అతని భార్యా కంటినిండా నిద్రపోయి ఏళ్ళయింది. చల్లని చీకటిగది, మెత్తటి కుర్చీ, తెరిపి లేకుండా ఒకే తీరున మోగే మోత దొరికేసరికి పాపం మనిషి కూలబడిపోయాడు.

దీపాలు వెలిగాక లేచి, ఆఫీసుకు పరుగెత్తి, వాతావరణం పేజీని తలుచుకుంటూ ఉన్నదున్నట్టు రాసి ఇచ్చాడు: ‘మొదటి బాంబు పేలగానే నిద్రపట్టింది. మధ్యలో నాయకుడు తల్లిని తలుచుకుని మౌనంగా ఉండిపోయిన చోట ఒకసారి మెలకువ వచ్చింది. అక్కడ కొంచెం కత్తిరిస్తే బాగుండేది. మళ్ళీ కాల్పులు మొదలవగానే హాయిగా కన్ను మూశాను. బయటికొచ్చేసరికి తలనొప్పి పోయింది.’

తెల్లారి ఆ థియేటరు ముందు రోడ్డు పట్టలేదు. కార్ఖానాలూ, ఇనప గుండ్లూ, పంతులమ్మలూ ఊరంతటా ఉన్నారనీ, కునుకు లేని కళ్ళు లేని ఇల్లే లేదనీ అప్పటిగ్గాని ఎవరికీ తెలియలేదు. ఇంటిల్లిపాదీ వచ్చారు. నిద్రపోయారు. బయటికొచ్చి ఒళ్ళు విరుచుకుని, ఇలాంటి చిత్రం ఈ మధ్యకాలంలో రాలేదన్నారు. సంపాదకుడి భార్య మూడు ఆటలకూ వరసగా కూర్చుందని ఆఫీసులో చెప్పుకున్నారు. సమీక్షకుడికి గది ఇచ్చారు, గది మీద ‘సామాన్య ప్రేక్షకుడు’ అని బోర్డు పెట్టారు. సమీక్ష కింద వేసే నక్షత్రాలు మేలుకున్న వాళ్ళకే కనబడతాయి గనక వాటిని రద్దు చేసి, చిత్రాలకు దిళ్లు ఇవ్వాలని యాజమాన్యం తీర్మానించింది. ఐదు దిళ్లంటే ఒళ్ళు తెలియని నిద్ర. ఒక్క దిండంటే పక్కవాడి మోచెయ్యి తగిలితే లేచిపోయే కునుకు.

చిత్రపరిశ్రమ ఈ మార్పును ఎంతో హుందాగా స్వీకరించింది. మాటలు వినబడితే జనం లేస్తున్నారని మాటలు తీసేశారు. మాటలు రాసేవాళ్ళను కూడా తీసేశారు. నాయకుడు ఆలోచించే సన్నివేశాలు అంతకుముందూ పెద్దగా లేవు గనక ఆ విషయంలో ఇబ్బంది రాలేదు. ‘కుటుంబ సమేతంగా నిద్రించదగిన చిత్రం’ అని గోడలమీద ప్రకటనలు వెలిశాయి. మెలకువగా ఉన్నవారిని గుర్తించి, పక్కవారికి భంగం కలగకుండా బయటికి నడిపించడానికి థియేటర్లు టార్చిలైట్లతో ప్రత్యేక సిబ్బందిని నియమించాయి. ఒక అగ్రనటుడు తన చిత్ర విజయోత్సవంలో గద్గద స్వరంతో ఇలా అన్నాడు:

“నా అభిమాన దేవుళ్ళారా! నా కష్టం మీకు తెలుసు. ఎత్తైన మేడమీంచి దూకాను, మీరు లేవలేదు. నిప్పుల్లోంచి నడిచొచ్చాను, మీరు కదల్లేదు. మీలో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు కన్ను తెరిచినా ఆ రోజే నేను నటన మానేస్తాను!”

సభ హోరెత్తింది. ఆ హోరుకు ముందు వరసలో కొందరికి అక్కడే నిద్రపట్టింది.

ఇంతలో ఒక నిర్మాతకు బుద్ధి వికసించింది. కళ్ళు మూసుకున్న వాళ్ళకు బొమ్మ ఎందుకని, తెరను నల్లగా వదిలేసి ఒట్టి మోత వినిపించాడు. చిత్రం విరగబడి ఆడింది. దగ్గొచ్చి పొరపాటున లేచిన ఒక ముసలాయన మాత్రం తెరమీద ఏమీ లేదేమని అడిగాడు. ఆట మధ్యలో మేలుకున్నందుకు ఆయనచేత లిఖితపూర్వకంగా క్షమాపణ చెప్పించి పంపారు. ఆ చిత్రానికి మన సమీక్షకుడు ఐదు దిళ్లిచ్చాడు. అబద్ధమేమీ కాదు, నిజంగానే నిద్రపోయాడు. పక్కన భార్య కూడా అతని భుజంమీద తలపెట్టుకుని పడుకుంది. వాళ్ళ కాపురంలో అంత ప్రశాంతమైన రోజులు ఎన్నడూ లేవు.

అలాంటి రోజుల్లో కొత్త దర్శకురాలొకామె ఒక చిత్రం తీసింది. అందులో బొమ్మ ఉంది. అదే పెద్ద సాహసమని పరిశ్రమలో అనుకున్నారు.

సమీక్షకుడు అలవాటు ప్రకారం మెడకింద దిండు సర్దుకుని పేలుడు కోసం ఎదురుచూశాడు. పేలుడు రాలేదు. కొండదారిలో ఒక బస్సు మలుపు తప్పి లోయ అంచున ఆగింది. ముందు చక్రాలు గాలిలో ఉన్నాయి. డ్రైవరుకు స్పృహ లేదు. జనమంతా ఊపిరి బిగబట్టి వెనక సీట్లలోకి జరిగారు. ముందు సీట్లో ఒక పసిపాప ఆడుకుంటోంది. దాన్ని తేవడానికి కండక్టరు ముందుకు ఒక అడుగు వేస్తే బస్సు కిర్రుమని కొంచెం ఒరుగుతుంది. ఆగితే ఆగుతుంది. పాప అతణ్ణి చూసి, ఆట అనుకుని, నవ్వుతూ ఇంకా ముందుకు పాకింది.

సమీక్షకుడి దిండు జారి కిందపడింది. అతను ఎప్పుడు కుర్చీ అంచుకు వచ్చాడో అతనికే తెలియదు. నోట్లో గోళ్ళున్నాయి. చిన్నప్పటి చెమట మళ్ళీ పట్టింది. టార్చిలైటు మనిషి వచ్చి “సార్, కళ్ళు” అని గుర్తుచేశాడు. “అవతలికి పోవయ్యా!” అని ఆ పెద్దమనిషి జీవితంలో మొదటిసారి అరిచాడు. ఆట అయ్యాక కిందపడిన దిండును అక్కడే వదిలేసి లేచాడు. ఏడుస్తున్నాడు. సంతోషంతోనే ఏడుస్తున్నాడు.

ఆఫీసుకు వెళ్ళి ఉన్నదున్నట్టు రాశాడు: ‘రెప్ప వాల్చలేకపోయాను. ఒక్క దిండు కూడా ఇవ్వలేను. ఇలాంటి చిత్రం నేనింతవరకు చూడలేదు.’

పాఠకులు అతని నిజాయితీని మెచ్చుకుంటూ ఉత్తరాలు రాశారు. ఇంత నిర్భయంగా ఒక చిత్రాన్ని చీల్చిచెండాడిన సమీక్షకుడు మరొకడు లేడన్నారు. సాయంత్రం ఆటకు థియేటర్లో దర్శకురాలూ, ఆమె తల్లీ మాత్రమే ఉన్నారు. రేపటితో చిత్రం తీసేస్తున్నామని యజమాని చెప్పేశాడు.

ఆమె తిన్నగా సమీక్షకుడి గదికి వచ్చింది. తిడుతుందేమోనని అతను లేచి నిలబడ్డాడు. ఆమె తిట్టలేదు.

“సార్, మీకు నచ్చిందా?”

“నచ్చడమేంటమ్మా! కండక్టరు చెయ్యి చాపాడు చూడండి, అక్కడ నా ప్రాణం పోయిందనుకోండి.”

ఆమె ముఖం వెలిగింది. మరుక్షణమే ఆరిపోయింది. “ఆ సీనుకి నేనెంత చచ్చానో సార్. చూసింది మీరొక్కరే. ఒక్క సాయం చెయ్యండి. నిద్రపోయానని రాయండి.”

“అబద్ధం రాయనమ్మా. నాకున్నది అదొక్కటే.”

“మీరు నిజం రాస్తేనే కదా సార్ నా సినిమా చచ్చింది! జనాన్ని లోపలికి రానివ్వండి చాలు. ఒకసారి వచ్చి కూర్చున్నారంటే వాళ్ళే చూస్తారు. కళ్ళున్నాయి కదా వాళ్ళకి?”

నిజమే, కళ్ళున్నాయి. తనకూ ఉన్నాయని మొన్నటిదాకా తెలియలేదు. ఆ చిత్రాన్ని ఊరంతా చూస్తే, దాని గురించి వీధిలో ఎవరితోనైనా మాట్లాడుకోగలిగితే ఎంత బాగుంటుందోనని అతని మనసు కొట్టుకుపోయింది. ఆమె వెళ్ళాక కాగితం ముందు పెట్టుకున్నాడు. రెండుసార్లు రాసి కొట్టేసి, చివరికి బతుకులో మొదటి అబద్ధం రాశాడు: ‘నిన్నటి సమీక్షలో పొరపాటు దొర్లింది. కూర్చోగానే నిద్రపట్టింది. ఐదు దిళ్లు.’

మర్నాడు జనం విరగబడ్డారు. సమీక్షకుడు భార్యను వెంటబెట్టుకుని వెళ్ళి వెనక వరసలో కూర్చున్నాడు. దర్శకురాలు తలుపు పక్కన నిలబడింది. దీపాలు ఆరాయి. బస్సు మలుపు తప్పింది. మోత ఎక్కడా లేదు. ఇంత నిశ్శబ్దంలో వీళ్ళు లేవక ఛస్తారా అని అతను చీకట్లో ముఖాలు వెతికాడు.

పాఠకులారా, తెలుగు పత్రికను తక్కువ అంచనా వేయకూడదు. ఐదు దిళ్లని అచ్చులో పడింది గనక వాళ్ళంతా శ్రద్ధగా, నమ్మకంగా నిద్రపోయారు. నిద్రపట్టని వాళ్ళు, ఇంత మంచి చిత్రానికి నిద్రపోలేని మొరటువాళ్ళని పక్కవాళ్ళు అనుకుంటారన్న భయంతో కళ్ళు గట్టిగా బిగించుకున్నారు. ఒకరిద్దరు గురక కూడా నటించారు. పిల్లలు సందుల్లోంచి చూడబోతే తల్లులు అరచేతులు అడ్డుపెట్టారు. కండక్టరు చెయ్యి చాపిన చోట సమీక్షకుడు ఉండబట్టలేక భార్య మోచేతిని కుదిపాడు.

“ఏమే, చూడు చూడు!”

“మీకు ఐదు దిళ్లు కదండీ, మీరే లేచి కూర్చున్నారేంటి?” అని ఆమె కళ్ళు తెరవకుండానే విసుక్కుని అటు తిరిగి పడుకుంది.

చిత్రం రికార్డులు బద్దలు కొట్టింది. ప్రభుత్వం దాన్ని ఆ ఏటి ఉత్తమ నిద్రాచిత్రంగా ఎంపిక చేసింది. న్యాయనిర్ణేతలు ఏకగ్రీవంగా గుర్రుపెట్టారని ప్రకటనలో పేర్కొన్నారు. సన్మానసభలో మంత్రిగారు మాట్లాడుతూ, “మేము ఇన్నేళ్ళుగా ఎన్ని పథకాలు పెట్టినా సాధించలేని ప్రశాంతతను ఈ చెల్లెమ్మ ఒక్క సినిమాతో తీసుకొచ్చింది. జాతి మొత్తాన్ని జోకొట్టిన చేతులివి!” అని ఆమె చేతులు పైకెత్తి చూపించారు. ఆ చేతులు వణుకుతున్నాయి. ఆనందంతో అని పత్రికలు రాశాయి. రెండో భాగం తీయమని నిర్మాతలు ఆమె చుట్టూ మూగారు. మొదటి భాగం ఎక్కడ ఆగిందో చెప్పండి, అక్కణ్ణుంచి మొదలుపెడతానని ఆమె అడిగింది. నిర్మాతలు ఒకరి ముఖాలొకరు చూసుకుని, చాలా లోతైన ప్రశ్న అని మెచ్చుకున్నారు.

సమీక్షకుడి జీతం పెరిగింది, అతని మాట వేదమైంది. నిద్ర మాత్రం పోయింది. ఎంత పెద్ద మోతలో కూర్చోబెట్టినా కన్ను అంటుకోవడం లేదు. అయినా ఐదు దిళ్లు రాసేస్తున్నాడు. ఇప్పుడు కొట్టివేతలు ఉండడం లేదు. అప్పుడప్పుడూ ఆ థియేటరు గేటు దగ్గర నిలబడి, ఒళ్ళు విరుచుకుంటూ వచ్చేవాళ్ళను ఆపి, ఎలా ఉందండీ అని అడుగుతాడు. కుర్చీ బాగుందంటారు. చల్లగా ఉందంటారు. మెడ పట్టేసిందని ఒకాయన ఫిర్యాదు చేశాడు.

ఆ పాప ఏమైందని గానీ, కండక్టరు చెయ్యి అందిందా అని గానీ ఇంతవరకు అతణ్ణి ఒక్కరూ అడగలేదు. వాళ్ళంటే నిద్రపోయారు; పాఠకులారా, మీరు మాత్రం, బస్సును లోయ అంచున వదిలేసి, మెలకువగానే ఇంతదూరం వచ్చారు.